పెంకుల కింద గాలి

ఆ ఉదయం కుళ్ళాయప్ప తలపెట్టిన పని ఒక్కటే, చిలమత్తూరుకు ఫోన్ చేసి పెళ్ళాన్ని రమ్మనడం. "రేకుల కింద నన్ను వడియం మాదిరి ఎండబెట్టినావు. ఇల్లు సల్లబడినాకనే వస్తా" అని ఆంజినమ్మ పుట్టింటికి పోయి రెండు నెలలయింది. తన వంట తానే తిని మనిషి సగమయ్యాడు, పాపం. చివరికి రాప్తాడులోని ఆ ఇంటికి రేకులు పీకించి, చెక్కలు పరిపించి, వాటిమీద జానెడు సందు వదిలి మట్టిపెంకులు కప్పించాడు. చూరు దగ్గర దూరిన గాలి ఆ సందులో పాకి, వేడిని వెంటబెట్టుకుని పైన రెండు వాలులూ కలిసే నడికొప్పులోంచి బయటపడుతుంది.

ఫోన్ ఎత్తింది అత్త సిద్దమ్మ.

"అత్తా, మా ఇంట్లో గాలి తిరుగుతాండాది" అన్నాడు సంబరంగా.

గాలి అంటే సిద్దమ్మకు తెలిసింది ఒకటే, మనుషులకు సోకేది.

"యాడ?"

"పెంకుల కింద. మిట్టమధ్యాన్నం జోరెక్కువ. ఉస్సుమంటాది."

"నీకు బయం లేదా నాయనా?"

"బయమేంటికత్తా? దాన్ని రప్పించింది నేనే గదా."

సిద్దమ్మ ఫోన్ పెట్టేసింది. కూతుర్ని, మంత్రగాడు కొండప్పను, మూటెడు ఎండుమిరపకాయలను వెంటేసుకుని మధ్యాహ్నానికల్లా రాప్తాడులో దిగింది. పెళ్ళాన్ని చూసి కుళ్ళాయప్ప మురిసిపోయాడు గానీ, ఆమె గడప తొక్కనంది. అది దూరేదెక్కడని కొండప్ప అడిగాడు. మెచ్చుకోవడానికే అడిగాడనుకుని చూరు చూపించాడు వెర్రిమాలోకం. కొండప్ప సరిగ్గా అక్కడే మిరపకాయల పొగ పెట్టాడు. సందు ఆ పొగనంతా పీల్చి నడికొప్పులోంచి గుప్పుగుప్పున వదిలింది.

వీధి చివర నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడ్డవాళ్ళు ఆ పొగ చూసి ఇల్లంటుకుందనుకున్నారు. నాలుగు రోజులకొకసారి వచ్చే ట్యాంకరును ఇంటిముందుకు తెప్పించి, గొట్టం పెంకులమీదికి తిప్పారు. కుళ్ళాయప్ప అడ్డం పడి మొత్తుకుంటే, ఇంటిమీద బెంగతో మతి పోయిందని జాలిపడి ఇద్దరు గట్టిగా పట్టుకున్నారు. ట్యాంకరు ఖాళీ అయ్యాకే వదిలారు.

తడిసిన పెంకుల కింద గాలి ఆడి, ఇల్లు కొత్తకుండలా చల్లబడింది. ఏం తగలబడిందో చూద్దామని లోపలికి తొంగిచూసిన ఆంజినమ్మ మళ్ళీ బయటికి రాలేదు. ఆమె వెనకే సిద్దమ్మ వెళ్ళింది. నీళ్ళు పోయాయని తగువుకొచ్చిన వీధి జనం కూడా వెళ్ళి గోడలకానుకుని కూర్చున్నారు.

"గాలి పోయిందా?" అని గుమ్మంలోంచి అడిగాడు కొండప్ప.

"పోనీయొద్దు సామీ" అంది ఆంజినమ్మ. "ఈడే ఉండనీ. నేనూ ఈడే ఉంటా."

కుళ్ళాయప్పకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో సిద్దమ్మ నట్టింట్లో చాప పరిచింది. గాలి ఉన్న కొంపలో కూతుర్ని ఒంటరిగా వదలలేనని, ఎండాకాలమంతా కాపలా ఉంటానని తేల్చి చెప్పింది. అల్లుడి మంచం వాకిట్లో వేపచెట్టు కిందికి చేరింది.

ఆ ఇంటిని ఇప్పటికీ గాలీ వదల్లేదు, సిద్దమ్మా వదల్లేదు.