పదింటి బండి

ఆ ఉదయం స్టేషన్ మాస్టరు భార్య తలపెట్టిన పని చాలా చిన్నది. వసారాలో వేలాడుతున్న రైలు పట్టా ముక్కను పాత ఇనుముకి వేసేయడం. వాళ్ళు కాపురముంటున్నది మూతబడ్డ స్టేషన్‌లోనే. ఊరికి వచ్చిన తొలి రైలు, ఆ మూడు పెట్టెల పొట్టి బండి, ఆగిపోయి ఏళ్ళయింది. అది వచ్చేముందు ఆ పట్టా ముక్కనే గంటలా మోగించేవారు. ఇప్పుడది ఆమె నుదుటికి తగలడానికే పనికొస్తోంది.

"పదింటికి బండి వస్తుంది. అడ్డం పడకండి," అంది ఫోను పెట్టేసి.

"రేపెప్పుడైనా రైలు మళ్ళీ వస్తే ఏం కొట్టాలే?" అన్నాడు ముసలి స్టేషన్ మాస్టరు.

"నా తలకాయ కొట్టండి!"

గుమ్మంలో పాలవాడికి వినబడింది మొదటి ముక్క ఒక్కటే. స్టేషన్‌కి వచ్చే బండి రైలు కాక ఇంకేమవుతుంది? వాడు మంగలితో అన్నాడు. సగం గీసిన గడ్డంతో ఉన్న దర్జీ కుర్చీలోంచి లేచి బజారంతా తిరిగొచ్చాడు. బజారు దాటేసరికి బండికి ఇంకో రెండు పెట్టెలు తగిలాయి.

పక్కింటావిడ గోడమీంచి కేకేసింది. "వదినా, ఇంకా తయారవలేదా? మన రైలు మళ్ళీ వేశారట! పదింటికే!"

"ఎవరు చెప్పారు?"

"ఊరంతా చెబుతోంది. స్టేషన్‌లో ఉండి నన్నడుగుతావేంటి?"

ఆమె చేతిలో గిన్నె జారింది. పెళ్ళయి ఈ ఊళ్ళో దిగింది ఆ బండి రెండో పెట్టెలోంచే. ఆమెను చూస్తూ ఆయన పచ్చజెండా ఊపడం మరిచిపోతే, బండి కదలకుండా అక్కడే ఉండిపోయింది.

ట్రంకు పెట్టె అడుగున దాచుకున్న బట్టలు కట్టుకుని పరుగున వచ్చింది. ప్లాట్‌ఫారం నిండా మూటలూ, మనుషులూ.

"ఏమండీ, రెండో పెట్టె ఆగేది ఇక్కడేగా? చూస్తారేం, మోగించండి!"

ఆయన సుత్తి అందుకుని కొట్టాడు. ఖంగున మోగింది. మలుపులో హారన్ వినిపించింది.

వచ్చింది పాత ఇనుము బండి.

"పట్టా ముక్క ఎక్కడమ్మా?" అన్నాడు దిగినవాడు.

పొద్దున ఫోను చేసింది తనేనని ఆమెకప్పుడు గుర్తొచ్చింది. జనం ఆమెను చూశారు. ఆయన మాత్రం ఖాళీ పట్టాల వైపు చూస్తున్నాడు.

"ఇక్కడ అలాంటిదేం లేదు," అంది.

"మరి ఆ ఊగుతున్నదేంటి?"

"స్టేషన్ గంట."

"బండి కావాలని మీరేగా ఫోను చేశారు?"

"బండి కావాలన్నాను. ఇదీ ఒక బండేనా?"

ముసలాయన లోపలికి వెళ్ళి, ఈసారి మరిచిపోకుండా, పచ్చజెండా తెచ్చి ఊపాడు.

ఆ స్టేషన్ నుంచి ఓ బండి వేళకి బయల్దేరడం అదే మొదటిసారి.