జింకల లోయకు దారి వియ్యపురాలి వాకిట్లోంచి

ఆ రోజు ఓరిన్‌బాసర్ వేసుకున్న పథకంలో ఎక్కడా మాంసం లేదు. ఆరింటికి బయలుదేరాలి, ఎడారిలో ఎనిమిది కిలోమీటర్లు నడవాలి, పదిలోగా జింకల లోయ చేరాలి. మూడువేల ఏళ్ల కిందట ఎవరో నల్లరాళ్ల మీద చెక్కిన ఆ జింకలు పొద్దుటి ఏటవాలు ఎండలోనే కనబడతాయి. సూర్యుడు నెత్తికెక్కాడా, ఇక మిగిలేవి ఉత్త రాళ్లే.

పందొమ్మిదేళ్లుగా ఆయన ఆ లోయకు కాపలాదారు. మొన్న రాజధాని నుంచి కాగితం వచ్చింది. తనిఖీ అధికారి స్వయంగా వెళ్లి చూసి కాపలా అవసరమని రాస్తేనే ఉద్యోగం ఉంటుందట, లేదంటే రద్దు. ఓరిన్‌బాసర్‌కు జీతం కన్నా ఆ జింకలే ప్రాణం. ఒక్కరోజు చూడకపోతే తిండి సహించదు.

అధికారి మెరువెర్త్ ముందురోజే వచ్చి వాళ్లింట్లో దిగింది. నగరంలో పుట్టి పెరిగిన పిల్ల. కాళ్లకు కొత్త బూట్లు, చేతిలో ఇరవైరెండు ప్రశ్నల పత్రం. సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోవాలి.

దారిలో ఉన్నవి రెండే ఇళ్లు. మొదటిది వియ్యపురాలు ఝానిల్‌ది, రెండోది ఆమె మరిది తొలెగెన్‌ది. గుమ్మం ముందునుంచి పోతూ రొట్టె ముక్కయినా కొరక్కపోతే ఆ ఇంటి భాగ్యాన్ని మూటగట్టుకుపోయినట్టే లెక్క. ఆ రొట్టె ఎప్పుడూ ఒంటరిగా రాదు. అందుకే ఇసుక దిబ్బల వెనకనుంచి చప్పుడు చేయకుండా జారుకుందామని ఓరిన్‌బాసర్ ఎత్తు వేశాడు.

"నువ్వేం కంగారుపడకు, ఝానిల్‌కి నిన్ననే ఫోన్ చేసి చెప్పేశా," అంది భార్య కుల్‌పాష్.

"ఏం చెప్పావు?"

"మావాళ్లకి టైం లేదు వదినా, నువ్వేం చెయ్యొద్దు, ఆపొద్దు అన్నా."

"కొంప ముంచావు! ఏం చెయ్యొద్దు అని ఎవరైనా నీకు ఫోన్ చేస్తే నువ్వేం చేస్తావే?"

కుల్‌పాష్ ఒక్క క్షణం ఆలోచించింది. "గొర్రెను కోస్తా," అని ఒప్పుకుంది.

మూడో దిబ్బ దాటేసరికి ఇసుకలో దుప్పటి పరిచి, పొగలు కక్కుతూ టీ మరిగే సమోవార్ పాత్రతో ఝానిల్ కూర్చుని ఉంది.

"టైం లేదన్నారటగా అన్నయ్యా, అందుకే నేనే ఎదురొచ్చా. మా పిల్లను కోడలిగా తీసుకుపోయిన రోజున మాత్రం బోలెడు టైం ఉంది మీకు!"

"ఒక్క ముక్క కొరికి లేచిపోతాం చెల్లెమ్మా."

"లేవండి, కాదన్నానా? మాంసం ఉన్నది ఇంట్లోనే కదా, అటే లేవండి."

ఇక తప్పక ఝానిల్ ఇంటికి నడిచారు. అక్కడ మెరువెర్త్ పని త్వరగా తెమల్చాలనుకుని, "కప్పు నిండా పోసేయండి పిన్నీ, ఒక్కసారే తాగేస్తా," అంది.

ఓరిన్‌బాసర్ నెత్తి కొట్టుకున్నాడు. ఆ ప్రాంతంలో అతిథికి కప్పు నిండా పోశారంటే ఇక దయచేయమని అర్థం.

ఝానిల్ ముఖం మాడిపోయింది. "నా ఇంటికొచ్చిన పిల్లను నా చేత్తో నేనే గెంటాలా? ఇంత మాట పడ్డాక ఊరుకుంటానా? గుర్రం మాంసం కూడా దించుతా, ఉండు!"

అవమానం కడుక్కోవడానికి ఆమెకు ఇంకో గంటన్నర పట్టింది. మెరువెర్త్ ఊపిరి పీల్చుకుని పత్రంలో ఏదో రాసుకుంటుండగా మోటార్‌సైకిల్ మీద తొలెగెన్ దిగాడు.

"వదినకెన్ని మార్కులేశావమ్మాయ్?"

"ఇవి మార్కులు కావు బాబాయ్, రాళ్ల గురించి..."

"నా దగ్గర దాచకు. వదిన కోసింది ముసలి గొర్రె. నాది చూసి అప్పుడు వెయ్యి!"

తొలెగెన్ ఇంట్లో మెరువెర్త్‌ను పెద్దపీట మీద కూర్చోబెట్టి, మహాగౌరవంగా గొర్రె తలకాయ ముందు పెట్టారు. అది ఆమె వంక చూసింది, ఆమె దాని వంక చూసింది. వాకిట్లోంచి చూస్తే లోయ కిలోమీటరు దూరంలో కనబడుతోంది. భోజనం ముగిశాక మెరువెర్త్ బూటు లేసు కట్టుకోవడానికి మూడుసార్లు వంగబోయి, మూడుసార్లూ వంగలేకపోయింది. పొద్దు వాలింది. తొలెగెన్ ఆమెను మోటార్‌సైకిల్ మీదే తీసుకెళ్లి బస్సెక్కించాడు. ఓరిన్‌బాసర్ ఒక్కడే నడిచి ఇల్లు చేరాడు. దారిపొడుగునా ఏడుపు ఆగలేదు.

నెలకి మెరువెర్త్ రాసిన జవాబులతో ఉత్తరం వచ్చింది. కుల్‌పాష్ పైకి చదివింది.

"తొమ్మిదో ప్రశ్న: బయటివారు బొమ్మలను తాకకుండా ఉన్న రక్షణ ఎలాంటిది? జవాబు: ఇంతకన్నా గట్టి రక్షణ నేనెక్కడా చూడలేదు. పూర్తి ప్రభుత్వ అధికారంతో రోజంతా ప్రయత్నించాను. చేరలేకపోయాను."

"ఉద్యోగం ఉన్నట్టేనా?" అన్నాడు ఓరిన్‌బాసర్.

"ఉంది, ఉంది. కింద ఇంకో ముక్క ఉంది. రక్షణ ఎవరివల్ల సాధ్యమైందో గుర్తించి, ఝానిల్‌ను ప్రధాన కాపలాదారుగా నియమించారు. నువ్వు ఆవిడకు సహాయకుడివట."

నిబంధన ప్రకారం సహాయకుడు రోజూ పొద్దున్నే ప్రధాన కాపలాదారు ఇంటికి వెళ్లి, సంతకం పెట్టి, అప్పుడు లోయకు పోవాలి. వియ్యపురాలు టీ తాగించకుండా సంతకం పెట్టనివ్వదు, తినిపించకుండా లేవనివ్వదు. లేచేసరికి సూర్యుడు నెత్తికెక్కుతాడు.

ఓరిన్‌బాసర్ కొలువు భద్రంగానే ఉంది, జింకల్ని చూసి మాత్రం ఆరు నెలలైంది.