లారీ గారి దత్తపుత్రుడు

చినమెరక మండల కార్యాలయం గోడ పక్కన ముప్పై ఒక్క ఏళ్లుగా కదలకుండా ఉన్న లారీకి వృద్ధాప్య పింఛను మంజూరైన నెలలోనే, దాన్ని కొని బాగుచేసుకోవాలన్న కోరిక మట్టపర్తి సూర్యచంద్రానికి కలిగింది.

పింఛను సంగతికి ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. లారీ అరవై నాలుగులో పుట్టింది. ఆర్సీ పుస్తకం ఉంది కాబట్టి పుట్టిన తేదీకి రుజువుంది. ఆ వయసు మనుషుల్లో చాలామందికి అది లేదు. యజమాని పోయి, వారసులెవరూ రాకపోవడంతో అది గోడ పక్కనే ఉండిపోయింది. స్థిరనివాసం ఉన్నవాళ్లందరినీ రాసుకోమని జనాభా లెక్కలాయనకి ఉత్తర్వులు ఉండటంతో ఆయన దాన్నీ రాసుకున్నాడు. నుదుటి మీద శ్రీ వెంకటేశ్వర ట్రాన్స్‌పోర్టు అని ఉంది. దాంతో ఇంటిపేరు ట్రాన్స్‌పోర్టు, పేరు వెంకటేశ్వర్లు అయ్యాయి. వెనక చెక్క మీద రాసున్నదాన్ని బట్టి తండ్రి పేరు సౌండ్ హారన్. ఆ కాగితం చూపిస్తే ఓటరు కార్డు వచ్చింది, ఓటరు కార్డు చూపిస్తే రేషన్ కార్డు వచ్చింది. ముందు ఎడమ చక్రం లేనందుకు దివ్యాంగుల పింఛనుకీ అర్హత ఉందిగానీ, ఒకరికి రెండు పింఛన్లు ఇవ్వరు.

సూర్యచంద్రం బస్టాండు వెనక టింకరింగు షెడ్డు నడిపేవాడు. యాభై నాలుగేళ్లవాడు. ఎలాంటి సొట్టనైనా సుత్తితో లోపల్నించి తట్టి, ఇక్కడే కదా పడింది అని బండి యజమానే వెతుక్కునేలా చేసేవాడు. ఇప్పటి బండ్లకి సొట్ట పడితే తియ్యరు, ఆ ముక్కే మార్చేస్తారు. అందుకని అతనికి పని తగ్గింది, తీరిక పెరిగింది. పొద్దున్న టీ తాగి వచ్చేటప్పుడు లారీ దగ్గర ఆగేవాడు. ముందుకు పొడుచుకొచ్చిన దాని ముక్కు మీద వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టి వినేవాడు. పైన పెచ్చులు పెచ్చులుగా తుప్పు. లోపలి రేకు మాత్రం గట్టిగా పలికేది.

"పాతకాలపు రేకు. ఇలాంటిది ఇప్పుడు దొరకదు. ఒక్క బండైనా మొదట్నించీ చివరిదాకా నా చేత్తో చెయ్యాలనుందే," అన్నాడు భార్య వీరమణితో.

వీరమణి రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి వెళ్తుంది. అప్పుడే వచ్చి చేతులకి నిమ్మచెక్క రుద్దుకుంటోంది. "రేకు సంగతి నాకు తెలీదు. నెలనెలా డీలరు దాని వెనకాల పోసి వెళ్తున్న బియ్యం పావురాలు తింటున్నాయి. అది మాత్రం రోజూ చూస్తన్నాను," అంది.

వాళ్ల కార్డు మీద బియ్యం ఆగిపోయి అప్పటికి ఎనిమిది నెలలు. నలభై ఏళ్లు రేకులు రుద్ది సూర్యచంద్రం వేలిముద్రలు అరిగిపోయాయి. రొయ్యల ఐసుకి వీరమణివీ పోయాయి. ప్రతి నెలా మిషను మీద పది వేళ్లూ పెట్టేవారు. మిషను ప్రతి నెలా వాళ్లు వాళ్లు కాదని చెప్పేది. డీలరు మర్యాదస్తుడు. "మీరెవరో నాకు తెలుసు బాబాయ్, దానికే తెలీట్లేదు," అని పంపించేసేవాడు.

సూర్యచంద్రం ఒక సోమవారం ఉతికిన చొక్కా వేసుకుని మండల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు హైమావతి గారిని కలిశాడు. లారీ కొంటానన్నాడు. ఆవిడ ఫైలు తెప్పించి, కళ్లజోడు పెట్టుకుని, అన్ని పేజీలూ ఓపిగ్గా చదివారు.

"ఓటు హక్కు ఉన్నవారిని కొనడానికి వీల్లేదండి," అన్నారు.

"ఎలక్షన్లలో..."

"అది విడిగా. ఒక్కొక్క ఓటుకి. మొత్తం మనిషిని కొనకూడదు. కావాలంటే దత్తత తీసుకోండి."

సూర్యచంద్రం సరేనన్నాడు. ఆవిడ పుట్టిన తేదీలు పక్కపక్కన పెట్టి చూసి తలూపారు. తనకన్నా పెద్దవారిని దత్తత తీసుకోవడం చట్టం ఒప్పదు. అయితే పెద్దవారు చిన్నవారిని తీసుకోవచ్చు. వెంకటేశ్వర్లు గారికి సంతానం లేదు. కొడుకంటూ అయ్యాక తండ్రికి మరమ్మతు చేయించడం నేరం కాదు, పైగా బాధ్యత.

"ఆయన ఒప్పుకోవాలి కదండీ," అన్నాడు సూర్యచంద్రం.

"మౌనం అర్ధాంగీకారం. మిగతా సగానికి పదిహేను రోజులు నోటీసు బోర్డులో పెడతాం. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అంగీకారం పూర్తవుతుంది."

ఇంటికొచ్చి చెబితే వీరమణి కాసేపు ఆలోచించింది. అత్తగారు లేని ఇంటికి వచ్చాననుకున్నాను, ఇన్నాళ్లకి మావగారు దొరికాడు అంది. మర్నాడు పనికి వెళ్తూ లారీ పక్కనుంచి పోవాల్సి వస్తే కొంగు భుజం మీదికి లాక్కుని వెళ్లింది.

పదిహేను రోజుల్లో అభ్యంతరాలేవీ రాలేదు. దత్తత రోజున గుర్తింపు మిషను తెచ్చారు. ముందు సూర్యచంద్రం వేలు పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. తుడిచి పెట్టాడు, తడిపి పెట్టాడు. పది వేళ్లకీ ఎర్ర దీపమే. తర్వాత మిషనుని తీసుకెళ్లి వెంకటేశ్వర్లు గారి కుడి టైరుకి ఆనించారు. మొదటిసారికే పచ్చ దీపం వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. సూర్యచంద్రం కూడా కొట్టాడు.

"మీరెవరో రుజువు కాలేదుగానీ ఇబ్బంది లేదు. ఆయనెవరో రుజువైంది. మీరు ఆయన కొడుకు. కోడల్ని కూడా రాసేస్తున్నాను," అన్నారు హైమావతి గారు.

ఆ సాయంత్రం డీలరు లారీ వెనకాల బియ్యం పొయ్యలేదు. మూడు వాటాలూ సంచుల్లో పోసి ఇంటికి పంపించాడు. వీరమణి గిన్నె నిండా అన్నం వండి, మొదటి ముద్ద తీసుకెళ్లి లారీ ముక్కు మీద పెట్టి వచ్చింది. పావురాలకీ కొంత న్యాయం జరిగింది.

మరుసటి ఆదివారం సూర్యచంద్రం గరుకు కాగితాలు, ఇనప బ్రష్షు, డబ్బాడు ఎర్ర ప్రైమరు తీసుకుని బయల్దేరాడు. కుడి తలుపు దగ్గర కూర్చుని బ్రష్షు పెట్టబోతుంటే హైమావతి గారు కిటికీలోంచి చూసి, చెప్పులేసుకుని గబగబా వచ్చారు. సెలవు రోజే అయినా ఫైళ్ల కోసం వచ్చారట.

"ఆ తుప్పు తియ్యకండి. కార్డులో పుట్టుమచ్చల గడి చూశారా? కుడి చెంప మీద జానెడు తుప్పు మచ్చ, నుదుటి మీద ఒకటి. అవి పోతే ఫోటోతో ముఖం కలవదు. కలవకపోతే ఆయన ఆయన కారు. ఆయన ఆయన కాకపోతే మీరు ఎవరూ కారు."

సూర్యచంద్రం బ్రష్షూ గరుకు కాగితాలూ సర్దుకున్నాడు. ఎండెక్కింది. ప్రైమరు డబ్బా మూత తియ్యకుండానే ఇంటికొచ్చేశాడు. వీరమణి అన్నం పెట్టింది. అతను కలుపుకుంటూనే ఉన్నాడుగానీ తినలేదు.

"బియ్యం మానేద్దాం. నీ లారీ నువ్వు చేసుకో. ఎనిమిది నెలలు బతికాం, ఇంకా బతకలేమా?" అంది వీరమణి.

"బతుకుతాం. కానీ తుప్పు తీసేశాక ఆయన ఎవరికీ ఏమీ కాడు. గోడ పక్కనున్న పాత ఇనుమని తూకానికి ఏసేస్తారు. తుప్పుంది కాబట్టే ముట్టుకోవట్లేదు."

ఆవిడ మజ్జిగ పోస్తూ ఆగింది. "ఫోటోలో లోపలి భాగాలు కూడా పడ్డాయా?"

సూర్యచంద్రం ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆ నెలలో అతను తృప్తిగా తిన్న భోజనం అదే.

మర్నాటి నుంచి ఫోటోలో పడనిదంతా బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. కిందకి దూరి చాసిస్ గీకి నల్ల రంగు వేశాడు. ఇంజను దింపి ఒక్కొక్క భాగం కిరసనాయిల్లో కడిగాడు. ఎలక కొరికిన వైర్లన్నీ మార్చాడు. క్యాబిన్ లోపల రేకుకి ఆకుపచ్చ రంగు వేసి, వీరమణి చేత సీట్లకి ముదురు ఎరుపు రెక్సిను కుట్టించాడు. బయట ఒక్క పెచ్చు రాలినా జిగురుతో మళ్లీ అదే చోట అతికించేవాడు. ఏడు నెలలు పట్టింది. మధ్యలో పనిలేక షెడ్డు మూసేశాడు, ఆ సంగతి కూడా సగం రోజులు గుర్తుండేది కాదు. వంగి వంగి నడుం పట్టేసిందిగానీ, ఈలపాట మళ్లీ వచ్చింది.

ఉగాది మర్నాడు పొద్దున్న ఇంజను స్టార్టయింది. ముందు దగ్గింది, తర్వాత బొంగురుగా, ఆపైన స్థిరంగా పలికింది. కార్యాలయంలో వాళ్లంతా బయటికొచ్చారు. సూర్యచంద్రం స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. వీరమణి పక్క సీట్లో కూర్చుని, అందరూ చూస్తన్నారు, కళ్లు తుడుచుకో అంది. ఆవిడ కళ్లూ తడిగానే ఉన్నాయి.

ఒక్కసారి కాలవ వంతెన దాకా తీసుకెళ్లొచ్చా అని అతను అడిగాడు. ఎడమ చక్రం అరువు తెచ్చి సిద్ధంగా ఉంచాడు.

"వెళ్లొచ్చు. కానీ చిరునామా మారుతుంది. చక్రం పెడితే వైకల్యమూ పోతుంది. మళ్లీ మొదట్నించీ రావాలి. కదలనంత వరకు నాకేమీ అభ్యంతరం లేదు," అన్నారు హైమావతి గారు. చెబుతూనే ఇంజను చప్పుడు వింటూ మరో రెండు నిమిషాలు నిలబడ్డారు.

ఈ సంగతి తెలిసి వేళ్లు అరిగినవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలైంది. తాపీ మేస్త్రీలు, ఇటుక బట్టీ వాళ్లు, రొయ్యల షెడ్డు ఆడవాళ్లు, ముప్పై ఏళ్లు గిన్నెలు తోమిన ఒక ముసలావిడ. వెంకటేశ్వర్లు గారు ఎవరినీ కాదనలేదు. వర్షాకాలం వచ్చేసరికి ఆయనకి నలభై ఒక్కమంది పిల్లలయ్యారు. ముసలావిడ ఆయనకన్నా రెండేళ్లు పెద్దది. అందుకని ఆవిణ్ని అక్కగా రాశారు.

ఇప్పుడు రోజూ పొద్దున్న పనికెళ్లే ముందు అందరూ క్యారియర్లతో లారీ ఎక్కుతారు. సూర్యచంద్రం ఇంజను స్టార్టు చేసి గేరు వెయ్యకుండా పావుగంట నడుపుతాడు. బండి ఊగుతుంది. వెనక ఎవరో పాట అందుకుంటారు. ఆపగానే అంతా దిగి, చాలా దూరం వెళ్లొచ్చినట్టు ఒళ్లు విరుచుకుని పనుల్లోకి పోతారు.

శ్రావణంలో కుటుంబ సర్వేకి కొత్తాయన వచ్చాడు. అందరినీ ఇంటిపెద్ద ముందు వరసగా నిలబెట్టి, లారీ ముందు అద్దంలోకి చూసి వెంకటేశ్వర్లు గారికి నమస్కారం పెట్టి, సూర్యచంద్రం దగ్గరికి వచ్చాడు.

"మీరు బతికే ఉన్నారా?" అని అడిగాడు. ఫారంలో మొదటి ప్రశ్న అదే.

"ఆయ్. మా నాన్నగారు కదలనంత వరకు ఉంటామండి," అన్నాడు సూర్యచంద్రం.

సర్వే ఆయన అవునని టిక్కు పెట్టి, తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లాడు.