నెత్తుటి నిశాని

అది యుద్ధకాలం. అచ్చంపేట దగ్గరి ఆ పల్లెలో ఆ పొద్దున డాక్టర్ షంషుద్దీన్‌కు పెద్ద పనేమీ లేదు. చలిజ్వరం ఉన్న ఇరవై మందికి వేలు పొడిచి నెత్తురు తీయాలి, తలా ఒక గ్లాసు చక్కెర నీళ్లు తాగించాలి, గంట తరువాత మళ్లీ నెత్తురు తీయాలి. జ్వరం పురుగు మనిషి నెత్తుటిలోని చక్కెరను మేస్తుందని డాక్టరుకు అనుమానం. డాక్టరు మీద ఊరికి అనుమానం. రెండోసారి నెత్తురు దొరక్కపోతే మొదటిది దండగ. ఇప్పటికే రెండు ఊళ్లలో జనం నీళ్లు తాగి మాయమయ్యారు. ఇదే ఆఖరి ఊరు.

కుడిచేత్తో పని చేసుకునేవాళ్లు పాపం అని ఆయన అందరికీ ఎడమ బొటనవేలే పొడిచాడు. కొంత నెత్తురు సన్నటి గొట్టంలోకి తీసుకుని, ఆ వేలినే గాజుపలక మీద అద్దించి, పక్కన పేరు రాసుకున్నాడు. ఆ మంచితనమే కొంప ముంచింది.

కురుమూర్తి గ్లాసు దించకముందే భార్య పెంటమ్మ వచ్చింది.

"ఏం తాగుతున్నవ్?"

"చక్కెర నీళ్లు. సర్కారోళ్లు ఊకెనే ఇస్తుండ్రు."

"కంట్రోల్ దుకాన్ల చక్కెర దొరుకక సస్తుంటే ఊకెనే ఎవడిస్తడు? ఏమడిగిండు?"

"ఏం లేదు. ఎడమ బొటనేలు అద్దుమన్నడు."

"పేరు రాసిండా?"

"రాసిండు."

"అయిపాయె! నీ రెండెకరాలు పాయె! సిరా అయితే చెరిగిపోతదని నెత్తురుతోని నిశాని పెట్టించుకున్నడు!"

ఆ మాట వాడ దాటేసరికి రెండెకరాలు కాస్తా ఊరంతా అయింది. పేరు రాయించుకున్నవాళ్లను లడాయికి పంపుతారని కూడా తేలింది. జ్వరం లేనివాళ్లు సైతం కర్రలతో వచ్చారు.

"మా నిశానీలు మాకియ్యి సాబ్," అన్నాడు కురుమూర్తి.

"నిశాని కాదయ్యా, పురుగును చూసెతందుకు," అంటూ డాక్టరు రంగు పట్టించిన గాజుపలకను మైక్రోస్కోపులో చూపించాడు. కురుమూర్తి ఒంటికన్నుతో చాలాసేపు చూశాడు.

"లోపట సన్నగ ఏందో రాసుంది!"

డాక్టరు ఆశ వదులుకున్నాడు. "తీస్కపోయి పలగ్గొట్టుకోండి."

"పలగ్గొడితే రద్దయితదా?" కురుమూర్తి మొహం చిట్లించాడు. "పటేల్ కాడ రద్దు కాయిదానికి గుడ నిశాని పెడ్తం. గదే ఏలు మల్ల పొడువు, వాపస్ అని రాయి."

డాక్టరు గడియారం చూశాడు. సరిగ్గా గంట. ఆనందం బయటపడకుండా దగ్గాడు.

"అందరూనా?"

"ఒక్కడు తప్పినా ఒప్పుకోం!"

ఇరవై ఎడమ చేతులు వరసగా చాచుకున్నాయి.

ఇంటికొచ్చిన మొగుణ్ని పెంటమ్మ నిలదీసింది. "ఊకెనే రద్దు జేసిండా? ఏమన్నడు?"

"ఏమనలే. పేరు పేరున అందరికి సలాం చేసిండు."

సర్కారు మనిషి సలాం దేనికి చేశాడో తేలేదాకా పెంటమ్మ పొలం గట్టు దిగలేదు.