దోసకాయ ఊటకు అనుమతి

మనిషి ఒంట్లోని నీళ్లు అతని సొంతమనుకునే రోజులు పోయాయి. లిథువేనియాలోని ఆ చిన్న పట్టణంలో అవి మునిసిపాలిటీ ఆట హాలు పరిధిలోకి వస్తాయి. బాస్కెట్‌బాల్ ఆడేవాడికి ఎంత చెమట పట్టాలి, పోయిన ఉప్పు ఏ దారిన తిరిగి ఒంట్లోకి రావాలి అన్నది చూసేందుకు అక్కడ ద్రవ సమతుల్య విభాగం వెలిసింది. (హాలు కప్పు కారుతుంది. అది వేరే ద్రవం, వేరే విభాగం.)

జెనోనస్‌కు ఈ సంగతి పిక్క పట్టేదాకా తెలియదు.

పాత పాల ఫ్యాక్టరీ జట్టులో అతనే పెద్దవాడు, అరవై దాటాయి. గురువారం సాయంత్రం ఆట. మిగతా రోజుల్లో అతనితో మాట్లాడేది రేడియో ఒక్కటే. ఆట సగం దాటేసరికి అతని పిక్కలు రాళ్లలా బిగుసుకుంటాయి. ఉత్త నీళ్లు ఎన్ని తాగినా లాభం లేదు, చెమటలో పోయిన ఉప్పు తిరిగి రావాలి. దానికి అతని భార్య ఎమీలియా సోయకూర, వెల్లుల్లి వేసి ఊరబెట్టిన దోసకాయల ఊట ఒక్క గ్లాసు చాలు. ఆమె నిరుడు పోయింది. ఈ వేసవిలో అతను సొంతంగా ఊరబెట్టిన వాటికి బూజు పట్టింది. ఆమె చేతి జాడీ ఒక్కటే మిగిలింది. గురువారానికో గ్లాసు చొప్పున దాన్ని లాక్కొస్తున్నాడు.

విభాగం అధికారి యోలాంతా ఆట కోర్టు పక్కనే బల్ల వేసుకుని కూర్చుంటుంది. ఒక గురువారం అతని చేతిలోని గ్లాసు ఆమె కంటపడింది.

"ఏంటది?"

"దోసకాయల ఊట."

"లేబుల్ ఏదీ?"

"మా ఆవిడ పెట్టింది. లేబుళ్లు అంటించే అలవాటు ఆమెకు లేదు."

"లేబుల్ లేకపోతే అది పానీయం కాదు పెద్దాయనా. దోసకాయ ఉంటే ఆహారం. కోర్టులోకి ఆహారం తేకూడదు. దోసకాయ తీసేస్తే మురుగునీరు. అదీ తేకూడదు."

"సగం దోసకాయ వేస్తే?"

యోలాంతా నిబంధనలు తిరగేసింది. సగం దోసకాయ మీద కమిటీ ఇంకా కూర్చోలేదు. జాడీని ల్యాబ్ పరీక్షకిచ్చి ఆమోదం తెచ్చుకోమంది.

ఆమోదం పొందిన పానీయం గుమ్మం దగ్గరి యంత్రంలో ఉంది. మైలుతుత్తంలా నీలంగా ఉంటుంది. ఆటగాడి ఒంట్లో ఉప్పు తగ్గిందని ఫోన్‌లో యాప్ ఒప్పుకుంటేనే యంత్రం సీసా వదులుతుంది. యాప్ కొలవాలంటే అతను కాసేపు కదలకుండా నిలబడాలి. (కదలకుండా నిలబడగలిగినవాడికి పిక్క పట్టలేదని అర్థం. యాప్ ఆ మాటే చెప్పి సీసా ఇవ్వదు.)

ఆ గురువారం జెనోనస్‌కు పిక్క పట్టింది. తర్వాతి గురువారం మళ్లీ పట్టింది. యోలాంతా రెండుసార్లూ నమోదు చేసుకుంది. మూడోసారి కూడా పిక్క పట్టిందంటే అతన్ని ఆటగాళ్లలోంచి తీసి ప్రేక్షకుల్లో కలుపుతారు.

"ఆ జాడీ పరీక్షకిచ్చి తగలెయ్యరాదూ," అన్నాడు జట్టులోని పొడుగువాడు పోవిలస్. "అందులో మీ ఆవిడ బంగారం దాచిందా ఏంటి?"

"నోర్ముయ్. ఫ్రీ త్రో ఒక్కటి వెయ్యలేనివాడివి, నాకు చెప్పొచ్చావ్."

"సరే, వెయ్యలేను. నువ్వు పోయి బెంచీ మీద కూర్చుంటే నాకు బంతి ఎవడిస్తాడ్రా?"

అది నిజమే. జెనోనస్ జాడీ పట్టుకెళ్లాడు. గ్లాసెడు ఇస్తానన్నాడు. కుదరదన్నారు. గ్లాసులో పోసిన ఊట, జాడీలోని ఊట ఒకటి కావని నిబంధన. జాడీ ఇచ్చేశాడు.

ఫలితం మంచు పడకముందే వచ్చింది. విభాగం చరిత్రలో ఇంత వేగం లేదు.

"అభినందనలు పెద్దాయనా!" యోలాంతా లేచి నిలబడి మరీ చెప్పింది. "సోడియం బాగుంది, పొటాషియం బాగుంది. మా నీలం సీసాకంటే బాగుంది. ల్యాబ్‌లో అందరూ మెచ్చుకున్నారు. పూర్తి ఆమోదం."

"జాడీ ఇవ్వండి."

ఖాళీ జాడీ బల్ల మీద పెట్టింది. "పరీక్షలో అయిపోయింది."

"దోసకాయలు కూడానా?"

"ముందు అవే అయిపోయాయి."

జెనోనస్ మూత తీసి వాసన చూశాడు. సబ్బు వాసన.

"దిగులెందుకు, ఇంకో జాడీ తెచ్చుకోండి. ఆమోదం జాడీకి కాదు, తయారుచేసినవాళ్లకి. ఆవిడొచ్చి ఒక్క సంతకం పెడితే చాలు."

"ఆమె రాదు."

"ఎందుకు రారూ? పనిలో ఉన్నారా?"

"శ్మశానంలో ఉంది. నిరుటి అక్టోబరు నుంచీ."

యోలాంతా కంప్యూటర్ వైపు తిరిగింది. ఆ మాటకు తగిన గడి కోసం చాలాసేపు వెతికింది. దొరికాక తల ఊపింది.

"అయితే చిరునామా మారిందన్నమాట. దానికి పక్క కిటికీ. ఆవిడ్నే రమ్మనండి."