నొప్పి మాత్ర మీద రమ్ము

సరోజినీ నగర్ సర్కారు క్వార్టర్లలో చలికాలపు ఆదివారం వచ్చిందంటే ఎండే పండగ. రెండువేల మూడులో, ఆ పాత మేడలు ఇంకా నిలబడి ఉన్న రోజుల్లో, పొద్దెక్కేసరికి జనమంతా చాపలు, వేరుశెనక్కాయలు పట్టుకుని ఎండలోకి చేరేవారు. బసవపున్నయ్య ప్లానూ అదే. పేపరు చంకలో పెట్టుకుని డాబా ఎక్కడం, పై వాటా సదాశివరావుగారి రమ్ము సీసా ముందు కూర్చోవడం, సోంపు నములుతూ దిగడం. భార్య దుర్గాంబకు తెలిసింది పేపరు సంగతొక్కటే.

"ముందు రజాయిల పెట్టె దింపి అప్పుడు వెళ్లండి," అంది ఒక ఆదివారం దుర్గాంబ.

అటక మీంచి పెట్టె దిగింది గానీ బసవపున్నయ్య నడుము పట్టేసింది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు! దుర్గాంబ ఒక నొప్పి మాత్ర మింగించింది. అది కరిగేలోపే కింది వాటా సీతారత్నం పరిగెత్తుకొచ్చింది. "మా డిస్పెన్సరీ గోలీ వేసుకోండి అన్నయ్యగారూ, గుర్రంలా పరిగెడతారు!" అని ఇంకోటి వేయించింది. గుర్రంలా కాకపోయినా ముసలి ఒంటెలా డాబా ఎక్కాడు.

"ఏవోయ్ బసవా, నేలమీద ఏం వెతుకుతున్నావు?" అంటూ సదాశివరావు స్టీలు గ్లాసు నింపాడు. "ఇది పడనీ, నడుము దానంతటదే లేస్తుంది."

రెండు గ్లాసులు పడ్డాయి. గొంతు భగ్గుమంది, ఒళ్లు తేలిపోయింది. బసవపున్నయ్య రాగం ఎత్తుకుని నాటకం పద్యం అందుకున్నాడు. ఎదుటి బ్లాకు మీది పావురాలు లేచి సఫ్దర్‌జంగ్ దాకా పోయాయని చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

ఆ పాట విని, బట్టలు ఆరేసే మిషతో దుర్గాంబ పైకొచ్చింది. సీసా పేపరు కిందికి దూరింది. వెనకాలే సీతారత్నం కూతురు వాసవి వచ్చింది. ఆ పిల్ల ఫార్మసీ చదువుతోంది.

"అంకుల్, మమ్మీ ఇచ్చిందీ ఆంటీ ఇచ్చిందీ సేమ్ దవాయి, పేర్లే వేరు. ఇవాళ ఇంకోటి తినకండి, ఠీక్ హై? డ్రింక్ చేసేవాళ్లకైతే ఇంకా డేంజర్. పొట్టలో బ్లీడింగ్ అవుతుంది. మీకు అలవాటు లేదు కాబట్టి సరిపోయింది."

బసవపున్నయ్య చేతిలో గ్లాసు జారిపోయింది. కడుపులో కొలిమి రాజుకుంది, కళ్లు తిరిగాయి, చెవుల్లో రైలు కూసింది.

"దుర్గా! పోతున్నానే! పేపరు కాదే, ఇన్నేళ్లూ రమ్మే!"

మేడంతా కదిలింది. పక్కింటి సర్దార్జీ వ్యాను తాళాలు తెచ్చాడు. నలుగురూ అతన్ని నులకమంచం మీద పడుకోబెట్టి ఎత్తారు.

"అబ్బే, ఏమీ కాదోయ్," అని సదాశివరావు గొణిగాడు.

"మీకేం గురువుగారూ, మీరు మాత్రలు మింగలేదుగా!" అని భార్య చెయ్యి పట్టుకున్నాడు బసవపున్నయ్య. "ఇంకోటి కూడా చెప్పేస్తానే. మీ అమ్మ ఇక్కడికి రావడానికి టికెట్టు ఏటా వెయిటింగ్ లిస్టులో పడిందన్నానా? అసలు కొననేలేదు."

దుర్గాంబ ఏడుపు టక్కున ఆగిపోయింది.

"దించండయ్యా మంచం!" అని అరిచాడు సదాశివరావు. "అది రమ్ము కాదు. నా మోకాలి మాత్రలతో తాగితే పోతానని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. సీసాలో ఉన్నది శొంఠి, మిరియాల కషాయం. ఆ మాట చెబితే నువ్వు డాబా ఎక్కడం మానేస్తావేమోనని... ఒక్కణ్నే ఎండలో ఏం కూర్చోను బసవా?"

బసవపున్నయ్య మంచం మీద నిటారుగా లేచి కూర్చున్నాడు. "అంటే నేనిన్నాళ్లూ శొంఠికి ఊగానా?"

"ఊగింది చాలు. డబుల్ డోస్ కదా, డాక్టర్‌కి చూపించాల్సిందే అంకుల్," అంది వాసవి.

సర్దార్జీ వ్యాను ఊరికే పోలేదు. ఆసుపత్రిలో ప్రమాదం లేదనిపించుకుని వస్తూ, దారిలో రైలు టికెట్టు కొనేదాకా దుర్గాంబ ఇంటి ముఖం పట్టనివ్వలేదు.

ఇప్పుడు ఆ మేడలూ లేవు, ఆ ఎండా లేదు. ఆ చలికాలమంతా మాత్రం డాబా మీద ఆదివారాలు మూడు గ్లాసులు కనపడేవి. శొంఠి చాలలేదని, ఆ టికెట్టు మీద దిగిన అత్తగారు ప్రతి వారమూ అనేవారు.