పెద్దేటి ఒడ్డున మంత్రిగారి మూడు చుట్లు

చోడవరం నియోజకవర్గం కాళ్ళకు మంచిరోజులొచ్చేయని మంత్రి పరదేశిగారు ప్రకటించేరు. హైవే పక్కన, పెద్దేటి ఒడ్డున, అడవిలోంచి చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే నడకదారి సిద్ధమైందనీ, దీన్ని లూప్ ట్రైల్ అంటారనీ, కష్టంలో ఇది ‘మోడరేట్’ అనీ సెలవిచ్చేరు. ఎంత నడిచినా ఓటరు నియోజకవర్గం దాటిపోని దారి. దూరదృష్టంటే అదీ.

దారి వేసిన ఘనత పార్టీ కార్యకర్త సత్తిబాబుది. స్వాగతద్వారం బ్రహ్మాండంగా కట్టేడు. దాని వెనక మొదటి మలుపు దాకా దారి కూడా వేసేడు. మలుపు తర్వాతవి తుప్పలు. వాటి జోలికి పోకపోవడం పర్యావరణ పరిరక్షణ కిందికొస్తుందని అతని అభిప్రాయం. మంత్రులు రిబ్బను కత్తిరిస్తారు, ఉప్మా తింటారు, వెళ్ళిపోతారు. ఆ ధైర్యంతోనే నిశ్చింతగా ఉన్నాడు.

ప్రారంభోత్సవం నాడు పరదేశిగారు కారు దిగుతూనే కొత్త బూట్లు చూపించేరు.

“డాక్టరు నడవమన్నాడ్రా. చుట్టంతా నడిసేకే టిఫిను.”

సత్తిబాబు దారికడ్డంగా నిలబడ్డాడు. ఆ మలుపు తిరిగితే దారితోపాటు తన రాజకీయమూ ఆఖరు.

“లోపల ఎలుగ్గొడ్డుందంతన్నారు బాబూ.”

“నా ఏరియా ఎలుగ్గొడ్డు నన్నేటి సేస్తాదిరా? పద.”

కొబ్బరికాయ కొట్టడానికొచ్చిన పంతులుగారు కంటబడ్డారు. సత్తిబాబుకి ప్రాణం లేచొచ్చింది.

“పంతులుగారూ, గుడి సుట్టూ తిరగలేనోళ్ళు నిలబడ్డ సోటే ఆత్మప్రదక్షిణ సేస్తారు గదా. పుణ్యం తగ్గుతాదేటి?”

“సమానమే,” అన్నారు పంతులుగారు, ఉప్మా గిన్నె వైపు చూస్తూ.

“ఎలాగూ ఇక్కడికే వస్తారు బాబూ. మరెందుకెళ్ళడం?” అన్నాడు సత్తిబాబు మంత్రిగారి వైపు తిరిగి.

మంత్రిగారు ఆలోచించేరు. పరిపాలనలో ఆయనకిది కొత్త కాదు. ద్వారం కింద చేతులు జోడించి మూడు చుట్లు తిరిగేరు. మూడో చుట్టులో తూలితే గన్‌మ్యాన్ పట్టుకున్నాడు.

“మోడరేటే,” అన్నారు ఆయాసపడుతూ.

మంత్రిగారు ఒక్క పూటలో మూడుసార్లు ట్రైల్ పూర్తి చేసేరని మర్నాడు పేపర్లు రాసేయి.

అది చదివి ప్రతిపక్ష నాయకుడు సత్యారావుగారు మండిపడ్డారు. ఆ దారే బూటకమనీ, రేపే జనంతో నడిచి నిజం బయటపెడతాననీ శపథం చేసేరు. సత్తిబాబుకి అన్నం సయించలేదు.

“పోయి ఆ తుప్పలేవో కొట్టీరాదా?” అంది పెళ్ళాం గంగాభవాని.

“ఒక్క పూటలో కొట్టీడానికదేటి, గోంగూర మడేటే?”

సత్యారావుగారు రానే వచ్చేరు. వెనక జనం, డప్పులు, కెమెరాలు. మలుపు దగ్గర ఆగేరు. తుప్పల్ని చూసేరు. ఎండని చూసేరు. తన ఇస్త్రీ పంచెని చూసేరు. సత్తిబాబు కళ్ళు మూసుకున్నాడు.

“ఈ ప్రభుత్వ విధానాలకు నిరసనగా,” అని గర్జించి, సత్యారావుగారు ఎడం వైపుగా మూడు చుట్లు తిరిగేరు. జనమంతా ఎడం వైపే తిరిగేరు.

దుమ్మణిగేక ఆయన సత్తిబాబు భుజమ్మీద చెయ్యేసి పక్కకి తీసుకుపోయేరు.

“బాగా ఏసేవురా. అవతలొడ్డు మా ఊరిది. మా గవర్నమెంటొచ్చేక అక్కడోటి ఏద్దువు గాని. నీకు తుప్పల బాధ కూడా ఉండదు, అక్కడ అడివే లేదు.”